నాలుగూ పదికి లేచే కుక్క

కుక్క విశ్వాసం గల జంతువన్నది ఈ లోకంలో చెలామణీలో ఉన్న అబద్ధాలన్నిటిలోకీ పెద్దది. ఇది అభిప్రాయం కాదు. తేలిపోయిన విషయం. తేల్చినవాడు కాటాగారు. లారీల కాటా దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా చేసి, ఖాళీ బండి ఇంత, సరుకు ఇంత, సరుకు మీద నక్కి కూర్చున్న క్లీనరు ఇంత అని విడివిడిగా చెప్పగలిగిన మనిషి. అలాంటివాడు ఒక కుక్కను తూచలేడా?

తూచాడు. తక్కువొచ్చింది.

రెండు పూటలా పాలూ రొట్టే పెట్టేది ఆయన. వీధిలో తిప్పేది ఆయన. చెవిలో చీము పడితే మూడు వారాలు మందు చుక్కలు వేసింది ఆయన. అయినా ఆయన గదిలోకి వస్తే ఆ కుక్క తోక కదపదు. ఒక కన్ను తెరిచి, 'నువ్వేనా' అన్నట్టు చూసి, మళ్ళీ మూసుకుంటుంది. అదే కుక్క సాయంత్రం నాలుగూ పది అయ్యేసరికి ఎవరో గిల్లినట్టు లేచి, చెవులు నిక్కబొడుచుకుని, గ్రిల్లు తలుపు ముందు నిటారుగా నిలబడుతుంది. మొరగదు. మూలగదు. నాలుగు నిమిషాలు అలా నిలబడి, పెద్దగా నిట్టూర్చి, వచ్చి పడుకుంటుంది.

సరిగ్గా ఆ నాలుగు నిమిషాల్లోనే ఆ తలుపు ముందు నుంచి నడిచిపోయేదెవరు? పెద్దసారు!

పెద్దసారంటే ఆ భవనం నివాసుల సంఘానికి అధ్యక్షుడు. ఒకప్పుడు పెద్ద ఆఫీసులో పెద్ద అధికారి. ముప్ఫై ఏళ్ళపాటు ఆయన గదిలో అడుగు పెడితే కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమనేవి. పదవి దిగిన మర్నాటి నుంచి ఆ చప్పుడు వినపడలేదు. ఇంట్లో ఇల్లాలు లేవదు, మోకాళ్ళ నొప్పులట. కోడలు లేవదు, ఫోన్లో ఉంటుంది. గేటు దగ్గర వాచ్‌మన్ మాత్రం లేచినట్టే లేచి, సగంలో మనసు మార్చుకుని కూర్చుంటాడు. అలా ఎండిపోయి ఉన్న మనిషికి ఓ సాయంత్రం కింది అంతస్తు నడవాలో ఒక కుక్క లేచి నిలబడింది! పెద్దసారు ఆగాడు. అటూ ఇటూ చూశాడు. ఇంకెవరూ లేరు. తనకే!

"కూర్చో, కూర్చో," అన్నాడు చెయ్యి ఊపుతూ.

అంతకుముందు బుద్ధి పుట్టినప్పుడల్లా నడిచే మనిషి, ఆ రోజు నుంచి వేళ తప్పకుండా నాలుగూ పదకొండుకే నడక మొదలుపెట్టాడు. ఇంటికొచ్చిన చుట్టాలను కూడా కిందికి దింపి, "చూశారా, నోరులేని జీవి. అయినా మనిషి స్థాయి తెలుసు," అని చూపించేవాడు.

కాటాగారికి ఇది పుండు మీద కారం. ఎందుకంటే ఆయన గురించి ఆ భవనంలో పసివాళ్ళకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది. ఆయన ఎవరికీ లేవడు. కాటా దగ్గర ఎంత పెద్ద అధికారి వచ్చి నిలబడినా కుర్చీలోంచి కదిలేవాడు కాదు. "నేను లేస్తే ముల్లు కదులుతుంది," అనేవాడు. మామగారు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు కూడా కూర్చునే పలకరించాడట. సంఘం మీటింగులో పెద్దసారు వచ్చేసరికి అందరూ ఎంతో కొంత కదిలేవారు. ఈయన మాత్రం కాలు మీద కాలు తీసేవాడు కాదు. అలాంటివాడి కుక్క, అలాంటివాడి ఇంట్లో, అలాంటివాడు పెట్టిన రొట్టె తిని, వెళ్ళి వెళ్ళి పెద్దసారుకు లేస్తుందా!

అసలు ఆ కుక్క కావాలని ఆయన అడగలేదు. భార్య పోయిన మూడు నెలలకు బావమరిది తెచ్చి వదిలాడు.

"ఇంట్లో ఓ ప్రాణం మసలుతూ ఉండాలి బావా."

"నేను లేనట్రా?"

"నువ్వుంటే ఉన్నట్టా బావా! గోడకి కొట్టిన మేకు నీకంటే నయం, దానికి చొక్కా అయినా తగిలించుకోవచ్చు."

కాటాగారు దానికి పేరు పెట్టలేదు. 'ఏయ్' అంటే పలికేది. పలకనప్పుడు గట్టిగా 'ఏయ్' అనేవాడు. తొమ్మిది నెలల సహవాసంలో వాళ్ళ మధ్య జరిగిన సంభాషణ అంతే.

భవనంలో మాత్రం దాని గురించి చర్చకు లోటు లేదు. నాలుగూ పదికి దానికి చెవిపోటు వస్తుందని రెండో అంతస్తు పళ్ళ డాక్టరు. ఆ వేళకు భూమి లోపల ఏదో కదులుతుందని, అది మనకు తెలియదు గానీ కుక్కకు తెలుస్తుందని మూడో అంతస్తు బీమా ఏజెంటు. చనిపోయిన ఇల్లాలి కోసం ఎదురుచూస్తోందని ఎవరో అన్నారు గానీ, ఆ మాట నిలవలేదు. ఆమెను ఆ కుక్క పుట్టి బుద్ధెరిగి చూడనే లేదు కదా!

చివరికి ఓ సోమవారం కాటాగారు పల్లెబడిలో దిద్దిన గుండ్రటి అక్షరాలతో సంఘానికి ఫిర్యాదు రాశాడు:

'అయ్యా, మా ఇంట ఒక కుక్క ఉన్నది. తిండి నాది. లేవడం అధ్యక్షులవారికి. కావున దానిని వారే తీసుకొనిపోవలెను. ఇట్లు.'

సంఘం ఉలిక్కిపడింది. ఎదురింటి కుక్క మీద ఫిర్యాదుకు నిబంధన ఉంది. వీధి కుక్క మీద ఉంది. సొంత కుక్క మీద ఫిర్యాదుకు లేదు! నిబంధన లేదని పని ఆపితే అది సంఘమెలా అవుతుంది? ఏ ఫిర్యాదు వచ్చినా కుక్క యజమానికి నకలు పంపి సంజాయిషీ అడగాలని ఏడో నిబంధన. అడిగారు. కాటాగారి మీద కాటాగారు ఇచ్చిన ఫిర్యాదు నకలు కాటాగారి ఇంటికే వచ్చింది. ఆరోపణలకు ఏడు రోజుల్లో జవాబివ్వాలని కింద ఎర్ర సిరాతో గీత.

ఆయన అరగంటలో ఇచ్చాడు. 'ఆరోపణలన్నీ నిజమే.'

దాంతో విచారణ తప్పలేదు. పెద్దసారు స్వయంగా తీర్మానం చెప్పి రాయించాడు. 'గదియందలి ప్రాణుల కదలికలను అయిదు దినములు ప్రత్యక్షముగా పరిశీలించి, నిమిషముల వారీగా నమోదు చేయవలెను.' ఆ పని కార్యదర్శికి అప్పగించారు. కార్యదర్శి రెండో అంతస్తు టీచరమ్మ. హాజరు పట్టీలో ఇరవై ఆరేళ్ళు ఒక్క కొట్టివేత లేకుండా గడిపిన మనిషి.

ఈ కబురు పొక్కగానే భవనానికంతా నడక మీద ప్రేమ పుట్టుకొచ్చింది. నాలుగూ పదికల్లా కింది నడవాలో తిరునాళ్ళ! లిఫ్టు ఉండగా మెట్లు కూడా ఎక్కని బీమా ఏజెంటు టై కట్టుకుని నడిచాడు. పళ్ళ డాక్టరు తెల్లకోటు తొడుక్కుని నడిచాడు.

"నాకే లేచిందండీ. నేను స్పష్టంగా చూశాను."

"మీ వెనకాల నేనున్నాను కదండీ! అది నన్ను చూసింది."

"అది చూసింది మీ చేతిలో బిస్కెట్టు పొట్లాన్ని."

"పొట్లం దానిక్కాదు. నాకు షుగరు పడిపోతే తినడానికి!"

పెద్దసారు నోటీసు అంటించాడు. విచారణ జరిగే రోజుల్లో నాలుగు నుంచి నాలుగున్నర వరకు ఆ నడవాలో అధ్యక్షులవారు తప్ప ఎవరూ నడవరాదు.

టీచరమ్మ మూడున్నరకు కాటాగారి ముందుగదిలో స్టూలు వేసుకుని కూర్చునేది. ఒడిలో రిజిస్టరు. చేతిలో పెన్ను. కాటాగారు కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చునేవాడు. తలుపు బార్లా తీసి, గ్రిల్లు మాత్రం వేసి ఉంచేవాడు.

"చలిగాలి వస్తోంది బాబాయిగారూ. తలుపు వెయ్యనా?"

"వద్దు. గాలి కోసమే తీసి పెట్టాను."

"ఈ టైముకే తీస్తారేం?"

"గాలి వచ్చే టైముకి తీస్తారు. రాని టైముకి తీసి ఏం చేసుకుంటాను?"

టీచరమ్మ ఏదో రాసుకుంది.

"ఏం రాశారు?"

"కనబడింది."

"రాయాల్సింది కుక్క గురించి!"

"దాని గురించీ రాస్తున్నానండి."

మొదటి రోజు కుక్క లేచింది. పెద్దసారు మెడ నిక్కించి, రాజుగారు ఊరేగినట్టు వెళ్ళాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు పెద్దసారు చిగురు వాచి మంచం దిగలేదు. నడవా ఖాళీ. అయినా కుక్క లేచి నిలబడింది. టీచరమ్మ పెన్ను ఎత్తిపట్టుకుని కాటాగారి వైపు చాలాసేపు చూసింది.

"ఎవరైనా రావాలా బాబాయిగారూ?"

"నా ఇంటికి ఎవరొస్తారు?"

"అలా నిలబడ్డారు మరి."

కాటాగారు కాళ్ళ వైపు చూసుకున్నాడు. కాళ్ళు నేల మీద ఉన్నాయి, ఒళ్ళు కుర్చీలో లేదు. "నడుం పట్టేసింది," అని కూర్చున్నాడు. మడిచిన పేపరు మళ్ళీ విప్పాడు. తలకిందులుగా ఉందని ఆమె చెప్పలేదు, ఆయన చూసుకోలేదు.

ఈలోగా పెద్దసారు ఫలితం రాకముందే ఏర్పాట్లు మొదలుపెట్టేశాడు. కుక్కను సంఘం తరఫున 'గౌరవ భటుడి'గా నియమించి గేటు గదిలో ఉంచాలి. లోపలికొచ్చే ప్రతి పెద్దమనిషికీ అది లేచి నిలబడాలి. ముందుగా ఎవరికన్నది చెప్పనక్కర్లేదు! గేటు గదిలో కొత్త పరుపు వేయించాడు. దాని మెడకు ఎర్ర పటకా కుట్టించాడు. ఆదివారం పొద్దున మీటింగు, అక్కడే అప్పగింత.

"పీడ విరగడవుతుంది," అన్నాడు కాటాగారు, పరుపు మోసుకొచ్చిన వాచ్‌మన్‌తో. ఆ వెంటనే, "దానికి పాలు గోరువెచ్చగా ఉండాలి. వేడైతే మూతి పెట్టదు, చల్లారితే కక్కుతుంది," అన్నాడు. "ఉరిమితే మంచం కింద దూరుతుంది. నీ గదిలో మంచం ఉందా?"

"లేదండి. బల్ల ఉంది."

"బల్ల ఎత్తెంత?"

వాచ్‌మన్ బుర్ర గోక్కున్నాడు. కాటాగారు వెళ్ళి మూరతో కొలిచి వచ్చాడు. ఎందుకు కొలిచారని వాచ్‌మన్ అడిగితే, "కొలవడం నా వృత్తి," అన్నాడు. తూచడానికీ కొలవడానికీ తేడా తెలియని మనిషి కాడాయన.

అయిదో రోజు శనివారం తలనొప్పి అని లోపలి గదిలో తలుపేసుకుని పడుకున్నాడు. ముందుగదిలో టీచరమ్మా కుక్కా మిగిలారు.

ఆదివారం పది గంటలకు కింద హాలు నిండిపోయింది. కుక్క పటకాతో సహా హాజరైంది. కాటాగారు చివరి వరసలో, గొలుసు చేతికి రెండు చుట్లు చుట్టుకుని కూర్చున్నాడు. పక్కన బావమరిది. పరుపు కబురు విని పరిగెత్తుకొచ్చాడు.

"ఇచ్చేస్తావా బావా?"

"నా కుక్క కాదు. ఆయన కుక్క."

"మరి గొలుసు అంత బిగించి పట్టుకున్నావేం?"

"జారుతుందని."

పెద్దసారు వచ్చాడు. కొందరు కదిలారు. ఆయన కుక్క వైపు చూశాడు. అది పడుకునే ఉంది. "ఆదివారం కదా," అని నవ్వి, "చదవండమ్మా," అన్నాడు.

టీచరమ్మ గొంతు సవరించుకుంది. "మొదటి దినము. నాలుగు గంటల తొమ్మిది నిమిషములు. యజమాని పేపరు మడిచి పక్కన పెట్టెను. నాలుగూ పది. యజమాని గుమ్మము వైపు చూచి, కుర్చీ చేతులు పట్టుకొని లేచి నిలబడెను. పిమ్మట కుక్క లేచెను. నాలుగూ పదకొండు. అధ్యక్షులవారు నడిచిరి. 'కూర్చో' అనిరి. ఎవరూ కూర్చోలేదు. నాలుగూ పద్నాలుగు. యజమాని కూర్చుండెను. పిమ్మట కుక్క పడుకొనెను."

"ఆగండాగండి!" అన్నాడు పెద్దసారు. "కుక్క సంగతి చదవమంటే ఈయన సంగతి చదువుతారేం?"

"తీర్మానంలో 'గదియందలి ప్రాణులు' అని ఉందండి. చెప్పి రాయించింది మీరే."

"ఆయనా ప్రాణే కదా సార్!" అన్నాడు పళ్ళ డాక్టరు. హాలు ఘొల్లుమంది.

రెండో రోజూ అదే. పేపరు మడుచుట, లేచుట, పిమ్మట కుక్క. టీచరమ్మ పేజీ తిప్పబోయి ఆగింది. చివరి వరస వైపు ఒక్క చూపు చూసింది. తర్వాత రెండు పేజీలు కలిపి ఒక్కసారే తిప్పింది. ఇరవై ఆరేళ్ళలో ఒక్క గడి ఖాళీ వదలని మనిషి! ఎవరూ గమనించలేదు. ఒక్క కాటాగారు గమనించాడు. మందం చూస్తే ఒకటో రెండో తెలియదా?

"నాలుగవ దినము. అధ్యక్షులవారు పరీక్షార్థము మూడూ నలభైకి ఒక పర్యాయము, అయిదు గంటలకు ఒక పర్యాయము నడిచిరి. కుక్క లేవలేదు. నాలుగూ పదికి యజమాని లేచెను. కుక్క లేచెను. అయిదవ దినము. యజమాని తలనొప్పిచే లోపలి గదిలో ఉండెను. నాలుగూ పదకొండు. అధ్యక్షులవారు నడిచిరి. కుక్క లేవలేదు. వారు ఆగి దగ్గిరి. లేవలేదు. వెనుకకు వచ్చి మరల దగ్గిరి." ఆమె వేలు కింది గీతకు జరిపింది. "కుక్క ఆవలించెను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఉన్న ఊపిరంతా నవ్వు ఆపుకోవడానికే సరిపోయింది. పెద్దసారి ముఖం గాలి తీసిన సైకిలు ట్యూబులా అయింది.

"అంటే సార్," అన్నాడు బీమా ఏజెంటు, సానుభూతి ఉట్టిపడుతుండగా, "కుక్క మీకు లేవటం లేదు. ఈయన లేస్తే అది లేస్తోంది."

"బాగానే ఉంది. మరి ఈయన ఎవరికి లేస్తున్నట్టు?" అన్నాడు పళ్ళ డాక్టరు.

ఈ ప్రశ్న హాల్లో పడిందో లేదో, పెద్దసారి ముఖంలో పోయిన కరెంటు తిరిగొచ్చింది. కుర్చీలో ముందుకు వంగాడు.

"ఇంకెవరికయ్యా! నాలుగూ పదకొండుకి ఆ నడవాలో వచ్చేదెవరు? కాటాగారూ! మీరా!"

హాలంతా వెనక్కి తిరిగింది. కాటాగారు లేచాడా! మామగారికి లేవని మనిషి! ముల్లు కదులుతుందన్న మనిషి! గ్రిల్లు చాటున రోజూ లేచి దణ్ణం పెడుతున్నాడా! పైకి అంత బింకం, లోపల ఇంత భక్తా!

"చెప్పండి, ఇందులో సిగ్గుపడాల్సిందేముంది?" అన్నాడు పెద్దసారు తేనె కారుతున్న గొంతుతో. "నాకేనా? కాకపోతే ఎవరికో చెప్పండి, రాసుకుంటారు."

బావమరిది ఉండబట్టలేకపోయాడు. "బావా, నాలుగూ పదంటే... అది అక్క..."

"నువ్వు నోర్ముయ్!"

కాదంటే ఎవరికో చెప్పాలి. చెబితే టీచరమ్మ రాస్తుంది. నిమిషాల వారీగా. పైన క్రమసంఖ్య వేస్తారు, కింద అధ్యక్షులవారు సంతకం పెడతారు. బీమా ఏజెంటు అయ్యో అంటాడు. పళ్ళ డాక్టరు మెట్ల దగ్గర భుజం మీద చెయ్యి వేస్తాడు. అంతా కలిసి ఒక తీర్మానం చేసి రెండు నిమిషాలు మౌనంగా లేచి నిలబడతారు.

కాటాగారు గొలుసు ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

"అవును. అధ్యక్షులవారికే. రాసుకోండి."

హాలు నోరు తెరిచింది. టీచరమ్మ పెన్ను కదల్లేదు.

"రాయండమ్మా," అన్నాడు పెద్దసారు. ఆమె రాసింది. ఆ పుస్తకంలో ఆమె చేత్తో పడిన మొదటి అబద్ధం అదే.

పెద్దసారు లేచి నిలబడ్డాడు. కళ్ళు చెమర్చాయి. "కాటాగారూ, రేపట్నుంచి మీరు లేవనక్కర్లేదు. మనసులో ఉంటే చాలు."

"అలవాటైపోయింది సార్. లేస్తాను."

చప్పట్లు మోగాయి. ఆ ఊపులోనే మిగతా పని అయిపోయింది. కుక్కకు సొంతంగా గౌరవభావం లేదనీ, ఉన్నదంతా యజమానిని చూసి అనుకరించిందేననీ రుజువైనందున భటుడి ఉద్యోగానికి అది తగదని తీర్మానం. దాన్ని యథాస్థానానికి పంపాలని మరో తీర్మానం. యజమాని సత్ప్రవర్తనకు అభినందనలని మూడోది. పరుపు మీద వాచ్‌మన్ ఆ మధ్యాహ్నమే హాయిగా పడుకున్నాడు. పెద్దసారు వెళ్తున్నా లేవలేదు. పెద్దసారు పట్టించుకోలేదు కూడా. ఆయన ఇల్లాలికి చెప్పడానికి మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాడు.

ఇంటికొచ్చాక కాటాగారు పటకా విప్పి మూల పడేశాడు. కుక్క తన చోట చుట్ట చుట్టుకుని, ఒక కన్ను తెరిచి, మూసింది. బావమరిది గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కుట్టు నేర్పే బడిలో పాఠం చెప్పి అక్క ఇల్లు చేరే వేళ కదా బావా అది. చేతుల నిండా బట్టల సంచులుంటాయని నువ్వే లేచి తలుపు తీసేవాడివి. నాకు తెలీదా! ఆ మాట అనకుండా, పోయి పోయి ఆయనకి లేస్తున్నానని ఒప్పుకుంటావా? రేపు నలుగురూ నవ్వుతారు బావా!"

"నవ్వనీ."

"అది కాదు బావా..."

"చాలు. ఈ మాట ఇంకోసారి ఎత్తితే నా గడప తొక్కకు. నేను చచ్చేదాకా దీని గురించి మాట్లాడను. నీతోనే కాదు. ఎవరితోనూ."